తీగకు ఏ పందిరి? డబ్బు పెట్టేముందు తేల్చుకోవాల్సినవి

పందిరి వేయాలనుకునేవాళ్లు మొదట అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "వెదురుతో సరిపెట్టుకోవచ్చా, జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపులే వేయాలా?" నిజానికి అది ఆఖర్న అడగాల్సింది. అంతకుముందు మూడు సంగతులు తేలాలి. మీరు పెట్టే తీగ దేన్ని పట్టుకుని పైకి పోతుంది? ఎన్నాళ్లు ఉంటుంది? కాయ కోసేది ఎవరు, వాళ్ల చెయ్యి ఎంత ఎత్తు వరకు అందుతుంది? మొదటి రెండూ నర్సరీవాళ్లయినా చెప్తారు. మూడోది మాత్రం కట్టేవాడు అడగడు, కట్టించుకునేవాడికి గుర్తు రాదు. తీరా కాపు మొదలయ్యాక రోజూ ఇబ్బంది పెట్టేది అదే.

కూరగాయల పందిళ్ల గురించే ఇక్కడ చెప్తున్నాను. ద్రాక్ష, డ్రాగన్ ఫ్రూట్ లాంటివాటి లెక్కలు వేరు. వాటి ప్రస్తావన అవసరమైన చోట మాత్రమే వస్తుంది.

తీగ ఎలా ఎక్కుతుందో ముందు చూడండి

బీర, కాకర, సొర, పొట్ల, దొండ, కీర నులితీగలతో ఎక్కుతాయి. లేత బీర తీగను ఓ పూట గమనిస్తే తెలుస్తుంది. నులితీగ కొస గాల్లో తడుముకుంటూ తిరుగుతుంది. సన్నటి దారమో, ఇనుప తీగో తగిలితే రెండు మూడు చుట్లు వేసి, మెలికలు తిరిగి బిగుసుకుంటుంది. రెండంగుళాల పైపు తగిలితే చుట్టు సరిపోక జారిపోతుంది. మేడ మీద లావుపాటి పైపులతో చూడముచ్చటైన ఫ్రేము కట్టించి, మధ్యలో ఏమీ అల్లకుండా వదిలేసేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల బీర తీగ పైపు మొదట్లోనే దొర్లుతూ ఉంటుంది. ఫ్రేము ఉన్నది బరువు మోయడానికి. తీగ పట్టుకోవడానికి కావాల్సింది అల్లిక. ఈ రెండిటికీ విడివిడిగా డబ్బు కేటాయించుకోవాలి. ఫ్రేము మీద కాస్త తగ్గించుకుని అల్లిక సరిగ్గా వేసుకున్నా నష్టం లేదు, పాదులు చిన్నవైతే.

చిక్కుడు, అలసంద, తీగ బీన్స్, బచ్చలి దారి వేరు. వీటికి కాండమే చుట్టుకుంటూ పోతుంది. నిలువుగా ఓ కర్రో, తాడో ఉంటే చాలు. నున్నటి వెదురు బొంగు మీదైనా చిక్కుడు ఇట్టే ఎక్కేస్తుంది. అదే బొంగు మీద కాకర ఎక్కాలంటే దానికి పురికొస చుట్టి పెట్టాలి. చిక్కుడుకు ఖరీదైన వల కొనడం నా దృష్టిలో వృథా. నాలుగు కర్రలు గుడారంలా నిలిపి పైన కట్టేస్తే సంక్రాంతికి ఇంటికి సరిపడా కాయలొస్తాయి. రథసప్తమికి రథం చేయడానికి కాయలు, పాయసం వడ్డించడానికి ఆకులు మిగులుతాయి కూడా.

టమాటాకు పట్టుకునే గుణమే లేదు. దాన్ని కట్టాల్సిందే. మదనపల్లె వైపు పొలాల్లో చేసినట్టు వరుస వెంట కర్రలు పాతి, మొక్క పెరిగేకొద్దీ ఒక్కో అంతస్తుగా తాళ్లు లాగుతూ పోవాలి. పెరట్లో నాలుగు మొక్కలకైతే మొక్కకో ఊతకర్ర చాలు. కాండాన్ని కర్రకు బిగించి కట్టకుండా, తాడును ఎనిమిది అంకెలా తిప్పి వదులుగా కడితే కాండం లావెక్కాక కోసుకుపోదు.

తమలపాకు, మిరియం కణుపుల దగ్గర వేళ్లు వేసి గరుకు బెరడుకు అతుక్కుంటాయి. అందుకే ఆకు తోటల్లో ముందుగా అవిసె చెట్టు గింజలు చల్లి మొక్కలు లేపుతారు, ఆ తర్వాతే తమలపాకు తీగ పెడతారు. అరకు, పాడేరు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్టే మిరియానికి ఊతం. ప్రాణమున్న ఊతం చెదపట్టదు, తుప్పుపట్టదు. కాకపోతే అది పెరుగుతుంటుంది, కొమ్మలు నరుకుతూ ఉండాలి, నీళ్లలో, ఎరువులో వాటా తీసుకుంటుంది. పెరట్లో మునగ చెట్టు ఉంది కదా, దాని మీదకే సొర పాకిద్దామని కొందరికి ఉంటుంది. మునగ కొమ్మ పెళుసు. నాలుగు సొరకాయలు వేలాడి, పైన ఓ గాలివాన పడితే కొమ్మతో సహా కిందికి వస్తుంది.

ఇక గుమ్మడి, బూడిద గుమ్మడి, పుచ్చ, పప్పు దోస. వీటికి పందిరి జోలికే వెళ్లొద్దు. నేల మీద పాకనివ్వండి. చోటు లేకపోతే ఆ పంటే వేయొద్దు. యూట్యూబ్‌లో గుమ్మడికాయకు పాత చీరతో ఊయల కట్టి వేలాడదీసే వీడియోలు చూడటానికి బాగుంటాయి, అంతే.

పైన పరిచేదా, నిలువుగా నిలిపేదా

అసలైన ఎంపిక ఇక్కడే. తల మీద గళ్లుగా పరిచే పందిరి ఒకటి. వరుస వెంబడి గోడలా లేచే నిలువు పందిరి రెండోది, దీన్నే ట్రెల్లిస్ అంటున్నారు.

పైన పరిచిన పందిరిలో కాయ గాల్లో వేలాడుతుంది. బీర, పొట్ల వంకర తిరగకుండా సాఫీగా దిగుతాయి. నేలను తాకదు కాబట్టి వానాకాలంలో కుళ్లు తక్కువ. మార్కెట్లో వంకర కాయకూ నిటారు కాయకూ ధర తేడా ఎంతో అమ్మినవాళ్లకు తెలుసు. ఇబ్బందులూ ఉన్నాయి. తీగ పందిరెక్కే దాకా, అంటే మొదటి ఆరడుగులూ పక్క కొమ్మలు గిల్లేస్తూ ఒంటి కాండంగా తీసుకుపోవాలి. పైకి చేరాక కొస తుంచితే అప్పుడు పక్కలకు విస్తరిస్తుంది. కాబట్టి కాపు కాస్త ఆలస్యం. ఆకు దట్టమయ్యాక కింద గాలి ఆడదు, తేమ నిలిచి బూజు తెగులు వస్తుంది. మందు కొట్టేటప్పుడు పైకి కొట్టిన తుంపర కొట్టేవాడి ముఖం మీదే పడుతుంది.

నిలువు పందిరిలో కాపు కింది నుంచే మొదలవుతుంది. గాలి, వెలుతురు రెండు వైపుల నుంచీ తగులుతాయి, వరుసలు ఉత్తర దక్షిణాలుగా వేస్తే మరీ బాగా. కోతకు మెడ ఎత్తక్కర్లేదు. పంట అయిపోయాక విప్పేసి వేరే పంట వేసుకోవచ్చు. కీర లాంటి రెండు మూడు నెలల పంటకు ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. పొడుగు కాయలకు మాత్రం తంటా. పొట్లకాయ అడ్డ తీగ మీద ఆనుకుని వంగిపోతుంది. కాకర పిందె వల కన్నులో దూరి అక్కడే లావెక్కితే కోసేటప్పుడు కాయ తెగుతుంది గానీ ఊడి రాదు. అందుకే వల కొనేటప్పుడు కన్ను నాలుగు అంగుళాలకు తక్కువ ఉన్నది తీసుకోవద్దు.

"నిలువు పందిరి చవక" అని అందరూ అంటుంటారు. లెక్క వేసి చూస్తే సగమే నిజం. ఎకరం 43,560 చదరపు అడుగులు. చదరంగా ఉంటే ఒక్కో పక్క దాదాపు 208 అడుగులు. పైన పరిచే పందిరికి 20 అడుగులకో రాయి (రాతి స్తంభం) పాతితే పక్కకు 11 చొప్పున మొత్తం 121 రాళ్లు. 15 అడుగులకు ఒకటి పాతితే 225 అవుతాయి. ఐదడుగులు దగ్గరికి జరిపినందుకు దాదాపు రెట్టింపు. అదే నిలువు పందిరికి వరుసకూ వరుసకూ ఆరడుగులు వదిలితే 35 వరుసలు. వరుసలో పదడుగులకో గుంజ అనుకుంటే వరుసకు 22, మొత్తం 770. ఒక్కో గుంజ సన్నదే, చవకదే. కానీ 770 గుంతలు తీసేది మనుషులే. కూలి దొరకని ఊళ్లో ఆ ఒక్క లెక్కే మిగతా అన్నిటినీ తిరగేస్తుంది.

ఇనుప తీగ దగ్గరికి వస్తే పరిస్థితి తారుమారు. పైన రెండడుగుల గళ్లుగా జీఐ తీగ అల్లితే ఎకరానికి నిలువూ అడ్డం కలిపి 13 కిలోమీటర్ల పైచిలుకు. 14 గేజి తీగయితే సుమారు 340 కిలోలు, 12 గేజి అయితే 570 దాకా పోతుంది. కన్ను ఒకటిన్నర అడుగుకు తగ్గించారా, 14 గేజి తీగే 450 కిలోలు. రాళ్ల మీదుగా పోయే 10 గేజి ప్రధాన తీగ ఇంకో 90 కిలోలు. నిలువు పందిరికి మూడు వరసల తీగ లాగినా 14 గేజిలో 170 కిలోలతో సరి. మధ్యలో పురికొసో, ప్లాస్టిక్ తాడో దించుకుంటే చాలు.

షాపులో గేజి దగ్గర తికమక పడేవాళ్లున్నారు. అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 8 గేజి 4 మిల్లీమీటర్లు, 10 గేజి మూడుంపావు, 12 గేజి 2.6, 14 గేజి 2 మిల్లీమీటర్లు. ఖర్చు తగ్గుతుందని 16 గేజితో మొత్తం అల్లేస్తామంటే ఒప్పుకోకండి. వానకు తడిసిన ఆకు బరువు, కాయ బరువు కలిసి మధ్యలో సంచిలా జారుతుంది. డబ్బు తగ్గించుకోవాలంటే చుట్టూ, రాళ్ల మీదా లావు తీగ వేసి, గళ్లలో కొన్నిటిని ప్లాస్టిక్ తాడుతో నింపుకోవడం నయం. తాడు రెండు మూడేళ్లకు మార్చుకోవచ్చు, ప్రధాన తీగ మార్చడం అంటే పందిరి మళ్లీ కట్టినట్టే.

వేసవి పంట వరకే చూసుకునేవాళ్లకు ఒక మాట. ఎండాకాలంలో బీర, దోస నేల మీద పాకించినా పెద్ద నష్టం ఉండదు, నేల పొడిగా ఉంటుంది కాబట్టి. పందిరి తన ఖర్చు రాబట్టుకునేది వానాకాలంలోనే. ఏడాదికి ఒక్క వేసవి పంటే వేస్తారనుకుంటే, పందిరి ఆలోచన మానుకుని ఆ డబ్బు డ్రిప్‌కు పెట్టండి.

ఎత్తు: కోసేవాళ్లను నిలబెట్టి కొలవండి

కాపు దిగాక బీర, కాకర రెండు మూడు రోజులకోసారి కోయాలి. ఒక్కరోజు ఆలస్యమైతే బీర ముదిరి పీచు పడుతుంది. మన పొలాల్లో ఈ కోత పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లు. పందిరి ఎత్తు నిర్ణయించేది మాత్రం గుంతలు తీసే మేస్త్రీ. ఎనిమిది అడుగుల రాయి తెచ్చి, రాయి వృథా కాకూడదని అడుగున్నర లోతే పాతి, ఆరున్నర అడుగులు పైకి వదిలేస్తాడు. ఐదడుగుల మనిషి చెయ్యి పూర్తిగా చాపితే ఆ ఎత్తు అంది అందకుండా ఉంటుంది. ఓ నిమిషం పని అయితే ఫర్వాలేదు, పూటంతా చెయ్యెత్తి కోయడం అంటే భుజాలు పడిపోతాయి. అందని కాయలు ముదిరిపోతాయి. ముదిరిన కాయ తీగ మీదే ఉంటే కొత్త పిందె తగ్గిపోతుంది. అంటే ఎత్తు తప్పితే దిగుబడీ తప్పుతుంది.

ఇందులో కాయ పొడవునూ లెక్కలోకి తీసుకోవాలి. బీర, సొర, కాకర పందిరి నుంచి కిందికి దిగుతాయి కాబట్టి ఆరడుగుల ఎత్తు సరిగ్గా ఉంటుంది, కాయ ఛాతీ ఎత్తుకో, కళ్ల ఎత్తుకో వస్తుంది. పొట్లకు ఏడడుగులున్నా నష్టం లేదు, కాయే మన దగ్గరికి వస్తుంది. పిందె దశలో కొసకు చిన్న రాయి కట్టే పాత అలవాటు ఉన్నవాళ్లయితే ఎత్తు ఉండటమే మంచిది. దొండకాయ మాత్రం రెండు మూడు అంగుళాలు. ఆకుల మధ్యే దాక్కుంటుంది, వెతుక్కుని కోయాలి. దొండ పందిరి ఐదున్నర అడుగులకు మించకూడదు అంటాను నేను. పొడుగ్గా ఉన్నవాళ్లకు తల తగులుతుందనేది నిజమే. పందిరి కిందకు వాళ్లు ఎన్నిసార్లు వస్తారో, కోసేవాళ్లు ఎన్నిసార్లు వస్తారో చూసుకుంటే ఎవరి మాట నెగ్గాలో తెలుస్తుంది.

కాపు మీదున్నప్పుడు ఇనుప తీగ నడిమధ్యలో అరడుగు దాకా జారుతుంది. కొలిచేటప్పుడు ఆ అరడుగు కలుపుకోండి.

సామాను: ఏది ఎన్నాళ్లు

సరుగుడు, జామాయిల్ కర్రలు చవక, కోస్తాలో తేలిగ్గా దొరుకుతాయి. నేలలో పాతిన భాగాన్ని చెదలు తినేస్తాయి. ఒకటి రెండు పంటల తర్వాత గుంజ పైకి గట్టిగానే కనిపిస్తుంది, చేత్తో ఊపితే మొదట్లో విరుగుతుంది. వెదురు కాస్త నయం, బాగా ముదిరిన బొంగు అయితే. లేత ఆకుపచ్చ బొంగు చూడటానికి నిగనిగలాడుతుంది, పురుగు పట్టేది దానికే ముందు. పాతే భాగాన్ని నిప్పులో కాల్చి నల్లబరచడం, తారు పూయడం పాత పద్ధతులు, ఇప్పటికీ పనికొస్తాయి. వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూస్తుంటారు కొందరు. తినే పంట వేళ్ల పక్కన అది వద్దు.

రాతి కడీలు ఎన్నేళ్లయినా ఉంటాయి. గనులు దగ్గరున్న చోట వాటికి మించింది లేదు. దూరం నుంచి తేవాలంటే రవాణా ఖర్చు రాయి ధరను మించిపోతుంది, దారిలో విరిగేవి వేరే. సిమెంటు స్తంభాలు కొంటే లోపల ఊచలు ఉన్నాయో లేదో ఒకటి పగలగొట్టి చూపించమనండి. చూపించనివాడి దగ్గర కొనొద్దు. ఇనుప యాంగిల్ తుప్పు పట్టేది సరిగ్గా నేల, గాలి కలిసే చోట. ఆ జానెడు మేర కాంక్రీటు పైకి వచ్చేలా పోసి, నీళ్లు నిలవకుండా వాలు పెడితే చాలాకాలం వస్తుంది.

హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి ద్రాక్ష సాగిందంతా ఇలాంటి పరిచిన పందిళ్ల మీదే. ఇప్పుడు మహారాష్ట్రలో థాంప్సన్ రకానికి వై ఆకారపు పందిరి ఎక్కువ. ఇది చెప్పడం ఎందుకంటే, తీసేసిన ద్రాక్ష తోటల రాళ్లు, తీగ అప్పుడప్పుడు అమ్మకానికి వస్తుంటాయి. పాత రాయి కొనొచ్చు, ఏం కాదు. పాత జీఐ తీగ మాత్రం చేతిలో వంచి చూడండి. పూత రాలి, తుప్పు పొడి చేతికి అంటితే తూకానికి వేసే సరుకే అది.

మేడ మీదకు, చిన్న పాదులకు అమ్మే నైలాన్ వల గురించి నా అభిప్రాయం కాస్త కఠినం. కట్టడం పది నిమిషాలు, విప్పడం పూటంతా. పంట ఎండిపోయాక నులితీగలు గట్టిపడి వలకు అతుక్కుపోతాయి. ఒక్కోటీ కత్తిరించి లాగాలి. లాగేటప్పుడు వల తెగుతుంది, లేదా సగం తీగ అలాగే ఉండిపోయి, దాని మీద పురుగు గుడ్లు తర్వాతి పంటకు చేరతాయి. మన ఎండలకు చవక వల రెండు వేసవులు తట్టుకోవడమే గొప్ప. పురికొస వేస్తే పంట అయ్యాక తీగతో పాటే కోసి కంపోస్టులో వేసేయొచ్చు. సొర లాంటి బరువు కాయలకు మాత్రం పురికొస ఒక్కటే సరిపోదు. అక్కడ వెల్డ్ మెష్ జాలీ కొనండి. ముందు ఖరీదు అనిపిస్తుంది, ఎండిన తీగను కత్తితో గీకేస్తే వచ్చేస్తుంది, ఏళ్లు వస్తుంది.

పందిరి పడేది మూలల దగ్గర

పందిరి మధ్యలో కూలడం అరుదు. అన్ని తీగల లాగుడూ చివరి రాళ్ల మీదే ఉంటుంది. అవి లోపలికి ఒరిగాయంటే మధ్యలో తీగంతా జారుతుంది. అందుకే చుట్టూ ఉండే రాళ్లు మధ్యవాటికన్నా లావువి ఎంచుకుని, కాస్త బయటికి వాల్చి పాతాలి. ప్రతిదానికీ బయటివైపు ఓ పెద్ద రాయిని రెండు మూడడుగుల లోతున పూడ్చి, దానికి లావు తీగతో లాగి కట్టాలి. మూలరాళ్లకు ఇలాంటివి రెండు వైపులా రెండు కావాలి. పని వరస కూడా ముఖ్యం. ముందు చుట్టు రాళ్లు, వాటి లాగుడు తీగలు, ఆ తర్వాత ప్రధాన తీగ, చివరికి గళ్లు. గళ్లు ముందు అల్లేసి తర్వాత బిగిద్దామంటే ఎప్పటికీ బిగియదు.

నల్లరేగడి నేలలో ఇంకో చిక్కు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఎర్ర నేలలో రెండడుగుల లోతున నిటారుగా నిలిచే రాయి రేగడిలో రెండేళ్లకు ఒరుగుతుంది. అక్కడ ఇంకో అరడుగు లోతు తీసి, చుట్టూ కంకర, సిమెంటు పోయడం తప్పదు. గాలుల విషయానికొస్తే తెలంగాణలో ఏప్రిల్, మే నెలల ఈదురుగాలులు, కోస్తాలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాన్లు. కోస్తాలో వానాకాలం పంట పందిరి నిండా ఉండేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

మేడ మీద, బాల్కనీలో

నిండుగా ఆకు కమ్మిన నిలువు వల గాలికి తెరచాప అవుతుంది. రెండో అంతస్తు పైన ఇది చిన్న విషయం కాదు. వలను పిట్టగోడ కన్నా మూడు నాలుగు అడుగులకు మించి లేపకండి, లేదా గోడకు ఆనించి కట్టండి. శ్లాబుకు రంధ్రాలు వేసి పైపులు దించడం అస్సలొద్దు. ఇవాళ పందిరి నిలుస్తుంది, వచ్చే వానాకాలానికి కింది గదిలో చెమ్మ మొదలవుతుంది. పెయింటు బకెట్లలో కాంక్రీటు పోసి పైపులు నిలిపి, పైన ఒకదానికొకటి కలిపి, పిట్టగోడ గ్రిల్లుకు కట్టేస్తే సరిపోతుంది. పైపు అంటే జీఐ. పీవీసీ పైపు తేలిక, చవక, అతికించడం సులువు. ఎండకు మెత్తబడి, కాయ బరువుకు వంగి, ఆ వంపులోనే ఉండిపోతుంది.

చోటు తక్కువున్న మేడకు నాకు బాగా నచ్చింది వెల్డ్ మెష్‌ను కమానులా వంచి, రెండు వరసల కుండీల మధ్య నిలపడం. అడుగున నాలుగడుగుల వెడల్పు ఉంటే పైన అరవలయానికి ఆరుంపావు అడుగులు, రెండు వైపులా నిటారుగా నాలుగేసి అడుగులు, మొత్తం పద్నాలుగుంపావు అడుగుల జాలీ. నడి ఎత్తు ఆరడుగులు. నిలువు పందిరి గుణం, పరిచిన పందిరి గుణం రెండూ అందులో ఉన్నాయి. పక్కల మీద కీర, కాకర, నడినెత్తిన బీర. కింద నడవడానికి దారి, ఆ నీడలో కొత్తిమీర కుండీలు.

మేడ మీద తేనెటీగలు తక్కువైతే చేత్తో పరాగం అద్దాల్సి వస్తుంది. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర పొద్దున్నే. ఆఫీసు నుంచి ఆరింటికి వచ్చేవాళ్లకు బీర కుదురుతుంది. ఏదైనా పువ్వు చేతికి అందాలి కదా, ఎత్తు మాట మళ్లీ ఇక్కడికే వస్తుంది.

అద్దె ఇల్లయితే పెట్టుబడి పెట్టకండి. బాల్కనీ గ్రిల్లుకు పై నుంచి కింది దాకా నాలుగు పురికొసలు లాగి బచ్చలి, చిక్కుడు పెట్టుకోండి. ఖాళీ చేసేటప్పుడు కత్తెర చాలు.

అమెరికాలో పెరటి తోటలు పెట్టుకునే మనవాళ్లకు కమాను పద్ధతి మరింత సులువు. అక్కడ పశువుల దొడ్లకు వాడే 16 అడుగుల పొడవు, 50 అంగుళాల వెడల్పు జాలీ రెడీగా దొరుకుతుంది, వంచి నాలుగు ఇనుప మేకులకు కట్టేయడమే. డల్లాస్‌లో సొర, బీర దాని మీద బాగా కాస్తాయి. న్యూజెర్సీలో మాత్రం చిక్కుడు కోసం ప్రత్యేకంగా ఏమీ కట్టొద్దు. నాటు చిక్కుడు పగటి పొద్దు తగ్గాకే పూస్తుంది. అక్కడ పూత వచ్చేసరికి మంచు పడే రోజులు దగ్గరపడతాయి.

నన్ను అడిగితే

రెండెకరాల లోపు, సొంత నీళ్లు, ఏడాదికి కనీసం రెండు తీగ పంటలు వేసే ఉద్దేశం ఉంటే రాతి కడీల మీద పరిచిన పందిరే. ఒక్కసారి కడితే ఆ ఖర్చును పంటల సంఖ్యతో భాగించి చూడండి, నాలుగో పంట దగ్గరికి వచ్చేసరికి ఏటా కర్రలు కొనడం కన్నా నయంగా తేలే అవకాశమే ఎక్కువ. దొండ వేయాలంటే అసలు వేరే ఆలోచనే అక్కర్లేదు. మూడు నాలుగేళ్లు ఒకే తీగ ఉండే పంటకు చెదపట్టే గుంజ వేసి, రెండో ఏడు తీగ కింద గుంజలు మార్చడం నరకం. దొండను మాత్రం బీర, కాకరతో ఒకే పందిరి మీద కలపకండి. అవి నాలుగైదు నెలల్లో వెళ్లిపోతాయి, ఎండిన వాటి తీగ తీయబోతే దొండ తీగ చేతికొస్తుంది. ఒక మూల విడిగా, కాస్త తక్కువ ఎత్తులో దానికి చోటివ్వండి.

కౌలు భూమైతే నిలువు పందిరి, వెదురుతో. రాయి పాతితే అది భూమి యజమానిది అయిపోతుంది. మిర్చి, పత్తి మధ్యలో ఒక పంటగా కూరగాయలు మార్చిమార్చి వేసేవాళ్లకూ ఇదే. ఇంటి అవసరానికి పెరట్లో రెండు పాదులు పెట్టుకునేవాళ్లు ఇదంతా చదివి భయపడక్కర్లేదు. నాలుగు పంగల కర్రలు, పైన నాలుగు వాసాలు, వెదురు దబ్బలు అడ్డంగా వేసి పురికొసతో కట్టేయండి. రెండేళ్లకు పాడైతే మళ్లీ వేసుకోవచ్చు.

పొలంలో శాశ్వత పందిరి వేసేవాళ్లు ఉద్యానశాఖ అధికారిని ఒకసారి కలవండి. శాశ్వత పందిళ్లకు రెండు రాష్ట్రాల్లోనూ రాయితీలు ఇస్తూ వచ్చారు, నిధులూ నిబంధనలూ ఏటా మారుతుంటాయి. కలవాల్సింది సామాను కొనక ముందు. సాధారణంగా ముందుగా అనుమతి తీసుకుని, వాళ్లు చెప్పిన కొలతల ప్రకారం కట్టినవాటికే డబ్బు వస్తుంది. రాళ్లు దించుకుని, తీగ లాగేశాక కాగితాలు పట్టుకుని వెళ్తే "ముందే చెప్పాల్సింది కదా" అంటారు. ఆ కొలతల్లో ఎత్తు ఎంత రాశారో మాత్రం అక్కడే అడిగి తెలుసుకోండి. మీ ఇంట్లో కోసేవాళ్లకు అది అందదనిపిస్తే, కాస్త తగ్గించుకోవచ్చా అని కూడా.